సెల్లార్ గ్రాండ్ ప్రి

అశోక్ నగర్‌లో దొరకనిదంటూ ఉండదని నా నమ్మకం. గ్రూప్-1 పాత ప్రశ్నపత్రాలు దొరుకుతాయి, రద్దయిన పరీక్షలవి కూడా. రాజ్యాంగం మీద లావుపాటి పుస్తకం సగం ధరకి దొరుకుతుంది. ముందు చదివినవాడు ముఖ్యమైన వాక్యాల కింద గీతలు గీస్తూ పోయి, చివరికి అన్నీ ముఖ్యమేనని తేల్చుకుని అమ్మి ఉంటాడు. ఒక మంచం, సగం ఫ్యాను గాలి, మేకు కొట్టుకోవడానికి మూరెడు గోడ నెల అద్దెకి దొరుకుతాయి. రాత్రి పదకొండు దాటాక ఎగ్ దోసె దొరుకుతుంది. గో-కార్ట్ చక్రానికి వేసే అయిదంగుళాల టైరు మాత్రం అటు నారాయణగూడ ఫ్లైఓవర్ నుంచి ఇటు చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడి దాకా ఎక్కడా దొరకదు. ఇంత విలువైన సమాచారం గో-కార్ట్ కొన్నవాడికి తప్ప ఇంకొకరికి తెలిసే అవకాశం లేదు.

చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇనప గొట్టాలతో ఒక చట్రం, నాలుగు బుల్లి చక్రాలు, సీటు పక్కనో వెనకో ఒక ఇంజిన్, పాదాల దగ్గర రెండు పెడళ్లు. కూర్చున్నవాడికీ నేలకీ మధ్య జానెడు కూడా ఉండదు. తలుపుల్లేవు, కప్పు లేదు, గేర్లు లేవు, స్ప్రింగులు లేవు. ఏమేం లేవో ఇంత వివరంగా చెప్పి మరీ డబ్బు తీసుకునే వస్తువు ఇదొక్కటే.

మా ఇంట్లో ఈ గొడవకి ముహూర్తం 2023 ఫిబ్రవరి 11. ఆ రోజు హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా-ఈ పోటీ జరిగింది. లుంబినీ పార్కు, సచివాలయం, ఎన్టీఆర్ గార్డెన్స్ కలుపుతూ 2.8 కిలోమీటర్ల ట్రాకు వేశారు. జాన్ ఎరిక్ వెర్న్ అనే ఫ్రెంచాయన గెలిచాడు. ఇందిరా పార్కు దాటి లోయర్ ట్యాంక్‌బండ్ మీదుగా రోజూ ఆఫీసుకెళ్లే దారి కాబట్టి అది మాకు ఇంటి వార్తే. పైగా పోటీకి ముందురోజు, ప్రాక్టీసు వేళకి, మూసేసిన ట్రాకు మీదికి మామూలు జనం తమ బళ్లేసుకుని వచ్చేశారు. పత్రికలన్నీ గందరగోళమని రాశాయి. మా బామ్మర్ది ఒక్కడే గర్వపడ్డాడు.

"చూశావా బావా, హెల్మెట్ కూడా లేకుండా ఫార్ములా ట్రాకు మీద తిరిగొచ్చారు మనవాళ్లు. టాలెంట్ ఉంది. ట్రైనింగే లేదు."

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో జరగాల్సిన పోటీ జనవరిలోనే రద్దయింది. అప్పటికి అతను పదమూడేళ్ల కొడుకుని రేసర్ని చేయాలని తీర్మానించుకున్నాడు. తన ఇంట్లో పార్కింగ్ లేదు గనక కార్టు మా సెల్లార్‌లో ఉండాలనీ, సగం డబ్బు నేను పెట్టాలనీ కూడా ఆ తీర్మానంలోనే ఉంది. మా ఆవిడని ఒప్పించే పని తనే తీసుకున్నాడు.

"షూమాకర్ వాళ్ల నాన్న తాపీమేస్త్రి అక్కా. నాలుగేళ్ల కొడుకు పెడల్ కార్టుకి మోపెడ్ ఇంజిన్ బిగించాడు."

"బిగిస్తే?"

"బిగిస్తే... వాడు వెళ్లి దీపస్తంభానికి గుద్దాడనుకో. అసలు సంగతి అది కాదక్కా. తర్వాత ఏడుసార్లు ప్రపంచ చాంపియన్ అయ్యాడు."

"మన వీధిలో స్తంభాలెన్నున్నాయో చూశావా? ఒక్కోదానికీ ఎన్ని కేబుళ్లు వేలాడుతున్నాయో చూశావా?"

కొంపల్లి వైపు, శంషాబాద్ వైపు అద్దె కార్టుల ట్రాకులున్నాయి కదా, డబ్బు కట్టి పది నిమిషాలు తిప్పి తీసుకురావచ్చు కదా అని కూడా ఆవిడ అడిగింది. ఇంత తెలివైన సూచన మా ఇంట్లో ఎప్పుడు వచ్చినా దానికి పట్టే గతే దీనికీ పట్టింది.

కొత్తది లక్షల్లో మాట కాబట్టి పాతదాని వేటలో పడ్డాం. మన చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో మెకానికల్ కుర్రాళ్లు ఫైనలియర్ ప్రాజెక్టుగా గో-కార్టులు కడతారు. కొందరు కోయంబత్తూరులోని కారి స్పీడ్‌వే దాకా మోసుకెళ్లి విద్యార్థుల పోటీల్లో నడుపుతారు కూడా. ఆ తర్వాత కట్టినవాళ్లందరికీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలొస్తాయి. కార్టుకి రాదు. షెడ్డు ఖాళీ చేయండని హెచ్‌ఓడీ గారు అంటారు. కొనదలచినవాళ్లు ఆ అదను పట్టుకోవాలి.

ఘట్‌కేసర్ దాటాక ఒక కాలేజీ షెడ్డులో మాకు దొరికింది. అమ్మేవాళ్లు నలుగురు. ఒకడు చట్రం వెల్డింగ్ చూశాడు, ఒకడు స్టీరింగ్, ఒకడు బ్రేకులు. నాలుగోవాడు పవర్‌పాయింట్ చేశాడు. మాతో బేరం నడిపింది ఈ నాలుగోవాడే.

"స్టార్ట్ అవుతుందా బాబూ?"

"వైవాలో అయిందంకుల్."

కొనేవాళ్లెవరికైనా పనికొస్తుందని చెబుతున్నాను. వెల్డింగ్ అతుకుల దగ్గర సన్నటి పగుళ్లున్నాయేమో గోరు పెట్టి చూడాలి. వెనక చక్రాలు గాల్లోకి లేపి తిప్పితే ఇరుసు వంకర తెలిసిపోతుంది. స్టీరింగ్ ఎంత తిప్పాక ముందు చక్రం కదులుతోందో చూడాలి. స్ప్రాకెట్ పళ్లు ఒకవైపు కొక్కెం తిరిగి ఉంటే చైను ఆయుష్షు కూడా తీరినట్టే. మా బామ్మర్ది ఇవేవీ చూడకుండా నేరుగా సీట్లో కూర్చుని నోటితో రేసు శబ్దం చేశాడు. ఆ శబ్దంతో బేరం మా చేయి దాటిపోయింది. డెబ్బై అయిదు వేల దగ్గర మొదలై, నేను గొంతు పోగొట్టుకున్నాక నలభై ఎనిమిది దగ్గర ఆగింది. "ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ కూడా ఇన్ని ప్రశ్నలు వేయలేదంకుల్" అన్నాడు నాలుగోవాడు. వాడికి ఏ కంపెనీలో ఉద్యోగం వచ్చిందో గానీ, వచ్చి తీరాల్సినవాడే.

టాటా ఏస్‌లో ఎక్కించి ఉప్పల్, అంబర్‌పేట, నల్లకుంట మీదుగా తెచ్చాం. శుక్రవారం ఉదయం ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాటాల్సి వస్తుందన్న ఆలోచన ఎవరికీ రాలేదు. సంధ్య, సుదర్శన్, దేవి థియేటర్ల ముందు కొత్త సినిమా జనం. సిగ్నల్ దగ్గర ఆగగానే నలుగురు కుర్రాళ్లు ట్రాలీ ఎక్కి, "ఏ హీరో బండన్నా?" అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా సెల్ఫీలు దిగి, బానెట్ మీద పూలదండ వేశారు. నిజానికి దానికి బానెట్ లేదు. నా మెడలో వేశారు.

సెల్లార్‌లోకి దించాక మొదటి సాంకేతిక సత్యం తెలిసింది. కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. ఆ తేడా సర్దడానికి డిఫరెన్షియల్ ఉంటుంది. కార్టుకి అది ఉండదు. వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటాయి, కలిసే తిరుగుతాయి. మరి మలుపెలా? వేగంలో స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు వాలిన కోణం వల్ల చట్రం మెలితిరిగి, లోపలివైపు వెనక చక్రం నేల మీంచి కొద్దిగా లేస్తుంది. కార్టు మూడు కాళ్ల మీద మలుపు దాటుతుంది. చట్రం మెలితిరగాలి కాబట్టే స్ప్రింగులు పెట్టరు. కుదుపులకి చట్రం చాలకపోతే మిగతాది మీ వెన్నెముక చూసుకుంటుంది. చదవడానికి చాలా బాగుంటుంది. సెల్లార్‌లో చేత్తో తోస్తే మాత్రం ఏ చక్రమూ లేవదు. కార్టు తిన్నగా వెళ్లి స్తంభానికి ముక్కు ఆనించి నిలబడుతుంది. దాన్ని తిప్పాలంటే ఒకరు వెనక భాగం ఎత్తి పట్టుకోవాలి. మా ఇంట్లో ఆ ఒకరు ఎవరన్నది ఓటింగ్ లేకుండానే తేలిపోయింది.

రెండో రోజుకి అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అధ్యక్షుడు గారు వచ్చారు. ఆడిట్ శాఖలో రిటైరైన మనిషి. కార్టు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "దీన్ని ఏ పద్దు కింద రాయాలండీ? ఫోర్ వీలర్‌కి ఒక రేటు, టూ వీలర్‌కి ఒక రేటు" అన్నారు. చక్రాలు నాలుగు గానీ స్థలం స్కూటరంతే పడుతుందని నేను. నంబరు ప్లేటు ఏదని ఆయన.

ఇక్కడ మా పక్కింటి హాస్టల్ కుర్రాడు రంగంలోకి దిగాడు. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో రాశాడు, పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాశాడు, హైకోర్టు రద్దు చేసింది. 2024 జూన్‌లో మూడోసారి రాశాడు. ఈసారి పరీక్ష నిలబడింది, ఇతను నిలబడలేదు. చదివినదంతా వృథా పోకూడదని, అడిగినా అడక్కపోయినా చట్టాలు చెబుతుంటాడు.

"మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 2, క్లాజు 28 అంకుల్. ఫ్యాక్టరీలోనో, మూసి ఉన్న ఆవరణలోనో మాత్రమే వాడటానికి చేసిన ప్రత్యేక రకం బండి అసలు మోటారు వాహనమే కాదు. గేటు దాటి రోడ్డెక్కిందంటే వాహనం అవుతుంది. వెంటనే సెక్షన్ 39 కింద రిజిస్ట్రేషన్ లేని నేరం అవుతుంది. మైనరు నడిపితే 199-ఎ. గార్డియన్‌కి మూడేళ్ల దాకా జైలు, పాతిక వేలు జరిమానా. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు."

"రిజిస్ట్రేషనే లేదుగా, ఏం రద్దు చేస్తారు?" అన్నాడు మా బామ్మర్ది.

కుర్రాడు చాలాసేపు ఆలోచించాడు. "ఇది మెయిన్స్ ప్రశ్న అంకుల్" అన్నాడు.

మా ఆవిడ ఇదంతా మెట్ల మీంచి విని, "వాహనం కానిదానికి పెట్రోలెందుకండీ?" అని పైకెళ్లిపోయింది.

అధ్యక్షుడు గారు మాత్రం క్లాజు 28 పట్టుకున్నారు. వాహనం కాకపోతే అది సామాను. సెల్లార్‌లో పాత సామాను ఉంచరాదని నిబంధన. చివరికి మినిట్స్ పుస్తకంలో ఒక రాజీ రాశారు: యంత్రం పనిచేసే స్థితిలో ఉన్నంతకాలం వాహనంతో సమానంగా పరిగణించబడును, ప్రతి నెలా మొదటి ఆదివారం అధ్యక్షుని సమక్షంలో స్టార్ట్ చేసి చూపవలెను, లేనిచో పాత సామానుగా భావించి తొలగించబడును. భోలక్‌పూర్ స్క్రాప్ మార్కెట్ మాకు ఎంత దగ్గరో ఆయన నోటితోనే గుర్తుచేశారు.

ఆ విధంగా గో-కార్ట్ కొన్నది మేనల్లుడు నేర్చుకోవడానికైనా, నెలనెలా వైవా మాత్రం నాకు పడింది.

పక్కనే మరో శోధన ఉంది. 2023 ఆగస్టు 19న ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా స్టీల్ బ్రిడ్జి తెరిచారు. 2.25 కిలోమీటర్లు, సిగ్నల్ అన్నది లేదు. అశోక్ నగర్ చౌరస్తాలో నిలబడి తలెత్తితే అది ఫార్ములా ట్రాకుకి కాస్త తక్కువగా, మన తలరాతకి కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి ఒక్క రౌండ్ అని బామ్మర్ది గొణుగుతుంటాడు. అలా గొణిగినప్పుడల్లా హాస్టల్ కిటికీలోంచి "సెక్షన్ 189 అంకుల్, బహిరంగ ప్రదేశంలో రేసింగ్" అని వినిపిస్తుంది. ఆ కుర్రాడికి నిద్రెప్పుడో నాకు తెలియదు.

ఇక పోషణ. కార్టు బంకుకి వెళ్లడానికి లేదు, వాహనం కాదు కాబట్టి. పెట్రోలు బాటిల్‌లో పోయించుకుందామంటే బంకులో పోయరు, నిబంధనలకి విరుద్ధం కాబట్టి. రెండు నిబంధనలూ న్యాయమైనవే. ఆ రెంటి మధ్య నలిగింది మా ఆవిడ స్కూటరు. ఆవిడ ట్యాంకు నింపుకొస్తుంది, నేను పైపు పెట్టి లీటరు లాగుతాను. మైలేజీ పడిపోయిందని ఆవిడ స్కూటర్ని సర్వీసింగ్‌కి ఇచ్చింది. సర్వీసింగ్ చేసినవాళ్లు ఏమీ లోపం లేదన్నారు, అయినా బిల్లు వేశారు. ఆ బిల్లు కార్టు ఖాతాలోనే రాయాలని నా అంతరాత్మ అంటుంది. నేను రాయలేదు.

ఆ పెట్రోలైనా నిలవ ఉండదు. ఇప్పుడు బంకుల్లో పోసేదాంట్లో ఇరవై శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్‌కి గాల్లో తేమని లాక్కునే గుణం ఉంది. రోజూ తిరిగే బండికి పర్వాలేదు. నెలకోసారి తిరిగే బండిలో, అదీ జులై వానల్లో సెల్లార్ గోడలు చెమర్చే అపార్ట్‌మెంట్‌లో, కార్బొరేటర్ అడుగున ఒక బంక తయారవుతుంది. సూదికన్నంత జెట్టు మూసుకుపోతుంది. అప్పుడు గిన్నె విప్పాలి, జెట్టు ఊడదీయాలి, సన్నటి రాగి తీగతో పొడవాలి, ఊదాలి. ఇదంతా తప్పించుకోవాలంటే ఒక చిట్కా ఉంది: ఆపేటప్పుడు తాళంతో కాకుండా పెట్రోలు కుళాయి కట్టేసి, కార్బొరేటర్‌లో ఉన్నది అయిపోయి దానంతటదే ఆగేదాకా నడవనివ్వాలి. ఈ చిట్కా చెప్పిన మెకానిక్ దాన్ని నాలుగోసారి విప్పాక చెప్పాడు.

మా అసలు పరీక్ష ఆగస్టులో మొదటి ఆదివారం. వానకి సెల్లార్‌లో నీళ్లు నిలిచాయని కార్టుని ర్యాంపు మీదికి ఎక్కించి, చక్రాల కింద ఇటుకలు పెట్టాం. అధ్యక్షుడు గారు మినిట్స్ పుస్తకంతో వచ్చారు. తాడు లాగాను. లాగుడు తాడు ఇంజిన్ అది, ఫట్ మనాలి. అనలేదు. బామ్మర్ది లాగాడు. హాస్టల్ కుర్రాడు లాగాడు. ఆజామాబాద్ నుంచి ఒక మెకానిక్‌ని పిలిపించాను. ఆయన ప్లగ్గు తీసి చూసి, "కరెంట్ నై ఆ రహా సాబ్" అని కాయిల్ మార్చమన్నాడు. రెండో ఆయన వచ్చి కాయిల్ భేష్‌గా ఉంది, కార్బొరేటర్ పోయిందన్నాడు. మూడో ఆయన మొదటి ఇద్దరూ పోయారన్నాడు. రాణీగంజ్ వెళ్లి కొత్త ప్లగ్గు, కొత్త కాయిల్ తెచ్చాను. స్పార్కు లేదు. అధ్యక్షుడు గారు పెన్ను మూత తీశారు.

మెట్ల మీద కూర్చుని బీడీ కాలుస్తున్న మా పాలమూరు వాచ్‌మన్ అప్పటిదాకా ఒక్క మాటా అనలేదు.

"సార్, గిది మా ఊర్ల నీళ్ల పంపు ఇంజినే గద. వొంకర వెడ్తె ఎట్ల చాలైతది? సక్కగ నేల మీద వెట్టుండ్రి."

దించి సమంగా ఉన్న నేల మీద పెట్టాం. ఒక్క లాగుడుకి ఫట్ మంది.

తర్వాత చదివితే తెలిసింది. మా కార్టుకి కుర్రాళ్లు బిగించింది 196 సీసీ హోండా ఇంజిన్. నీటి పంపులకీ, పవర్ టిల్లర్లకీ పెట్టే రకం. అందులో పట్టే ఆయిలే అరలీటరు పైచిలుకు. ఆయిల్ తగ్గితే ఇంజిన్ కాలిపోకుండా అడుగున ఒక చిన్న సెన్సర్ స్పార్కు ఆపేస్తుంది. బండి వాలుగా ఉంటే ఆయిలంతా ఒక పక్కకి చేరుతుంది. సెన్సర్ ఆయిల్ లేదనుకుంటుంది. ముగ్గురు మెకానిక్కులూ రేసు బండిని బాగుచేయబోయారు. వాచ్‌మన్ పంపుసెట్టుని బాగుచేశాడు.

ఇది మన కార్టుకి జరిగిన అవమానమేమీ కాదు. వంశమే అలాంటిది. 1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే రేసు కార్ల పనివాడు మొట్టమొదటి కార్టు కట్టినప్పుడు దానికి పెట్టింది గడ్డి కోసే మిషను ఇంజిన్. 1959లో కార్టుల కోసమని ఇంజిన్లు చేయడం మొదలుపెట్టిన మెకల్లక్ కంపెనీ అప్పటిదాకా ఎక్కువగా చేసింది చెట్లు నరికే రంపాలు. సెన్నా, షూమాకర్, హామిల్టన్, అందరూ చిన్నప్పుడు ఈ కార్టుల మీదే చేయి తిప్పుకున్నారు. ఈ చరిత్రంతా వాచ్‌మన్‌కి చెబితే, "మరి గా అమెరికాయన ఎన్నెకరాలకు నీళ్లు వెట్టిండు సార్?" అన్నాడు.

టైర్ల గోడు వేరే. ముషీరాబాద్ రోడ్డులో పంక్చర్ షాపాయన చక్రాన్ని అరచేతిలో పెట్టుకుని, "పిల్లల బండా?" అన్నాడు. టైరు విప్పే మిషను పళ్లు అంత చిన్న రిమ్ముకి అందవు. కాలితో తొక్కి, రెండు రాడ్లతో పెకలించి, అతికించి, అలవాటు చొప్పున ముప్పై అయిదు పాయింట్ల గాలి కొట్టాడు. కార్టు టైరుకి పది నుంచి ఇరవై లోపు చాలు. ముప్పై అయిదుకి అది గుండ్రంగా ఉబ్బి, నేలకి మధ్యలో రెండంగుళాలే ఆనుతుంది. ఆ సాయంత్రం బామ్మర్ది స్తంభాల మధ్య ఒక చుట్టు తిరగబోయి, బ్రేకు వేసినచోట కాకుండా తనకి తోచినచోట ఆగాడు. తోచినచోటు అధ్యక్షుడు గారి పాత అంబాసిడర్ బంపరు. బంపరుకేమీ కాలేదు. ఆ కాలం ఇనుము.

స్టార్టవ్వకపోతే పాత సామాను. స్టార్టయితే ఇంకో చిక్కు. మా గోడవతల ఇరవై నాలుగ్గంటల రీడింగ్ రూం ఉంది. కార్టు సైలెన్సర్ ఫైనలియర్ ప్రాజెక్టులో మార్కులు లేని భాగం కాబట్టి కుర్రాళ్లు దాన్ని పేరుకే పెట్టారు. సెల్లార్‌లో ఆ చప్పుడు స్తంభాలన్నిటికీ తగిలి రెట్టింపై పైకొస్తుంది. మొదటిసారి ఇరవై మంది అభ్యర్థులు వినతిపత్రంతో దిగారు. వినతిపత్రం చక్కగా ఉంది: పీఠిక, సమస్య, పరిష్కార మార్గాలు, ముగింపు, మెయిన్స్ జవాబుకి కావలసినవన్నీ ఉన్నాయి. ఇచ్చాక ఒక్కొక్కరే సీట్లో కూర్చుని ఫొటో దిగారు. చివరికి ఒప్పందం కుదిరింది. పెద్ద హీరో సినిమా విడుదల రోజున క్రాస్ రోడ్స్‌లో డప్పులూ బాణసంచా మొదలవుతాయి. ఆ చప్పుడులో మాది ఎవరికీ వినపడదు. అందుకని మా తనిఖీ మొదటి ఆదివారం నుంచి విడుదల తేదీకి మారింది. సినిమా వాయిదా పడితే మా వైవా కూడా వాయిదా. ఆడిట్ అధికారి గారు ఇప్పుడు పొద్దున్నే పేపర్లో సినిమా పేజీ ముందు తిరగేస్తున్నారు.

ఇన్ని నెలల్లో మా కార్టు తిరిగిన దూరమంతా కలిపితే స్టీల్ బ్రిడ్జి ఒక కొస నుంచి రెండో కొస దాకా రాదు. అయినా నాకు చింత లేదు. శనివారం మధ్యాహ్నం చైను విప్పి కిరోసిన్‌లో నానబెట్టి, బ్రష్‌తో తోమి, గుడ్డతో తుడిచి, నూనె రాసి, మళ్లీ బిగించి, వేలితో నొక్కి అరంగుళం ఆడుతోందో లేదో చూసుకోవడంలో ఉన్న సుఖం నడపడంలో లేదని నాకు గట్టి అభిప్రాయం ఏర్పడింది. నడపడం అయిదు నిమిషాల్లో అయిపోతుంది. చైను మధ్యాహ్నమంతా పడుతుంది. హాస్టల్ కుర్రాడు పక్కన ఇటుక మీద కూర్చుని కరెంట్ అఫైర్స్ చదువుతాడు. నోటిఫికేషన్ వచ్చేదాకా అతనికీ, సినిమా వచ్చేదాకా నాకూ తొందరేమీ లేదు.

బామ్మర్దికి ఈ వేదాంతం నచ్చలేదు. పోయిన సెలవుల్లో కొడుకునీ నన్నూ కారులో ఎక్కించుకుని శంషాబాద్ వైపు అద్దె కార్టుల ట్రాకుకి తీసుకెళ్లాడు, మా ఆవిడ మొదట చెప్పిన చోటికే. తలా ఒక టికెట్, పది నిమిషాలు. హెల్మెట్లు పెట్టారు. పచ్చ జెండా ఊపగానే మిగతా కార్టులన్నీ వెళ్లిపోయాయి. నేను వెళ్లబోతూ పక్కకి చూశాను. అదే ఇంజిన్! మాదానికి అన్న, కాస్త పెద్ద సీసీ. నాది కిర్రుమంటుందే, దీని చైను శబ్దమే లేదు. దిగి, వంగి చూశాను.

"సార్, గ్రీన్ ఇచ్చాం. వెళ్లండి" అన్నాడు ట్రాకు మార్షల్.

"ఈ చైనుకి ఏం నూనె వేస్తారు?"

"సార్, వెనక బళ్లొస్తున్నాయి."

"క్లచ్ ఎన్నాళ్లకి మారుస్తారు? కార్బొరేటర్ వానాకాలంలో మొరాయించదా?"

మేనల్లుడు రెండుసార్లు "మామయ్యా, రా!" అని అరుస్తూ దూసుకుపోయాడు. వాడు నిజంగానే బాగా నడుపుతున్నాడు. వెనకాల వాళ్ల నాన్న ప్రతి మలుపులోనూ గడ్డిలోకి వెళ్లొస్తున్నాడు. నేను స్ప్రాకెట్ పళ్లు లెక్కపెట్టడం పూర్తిచేసి ఇరుసు బేరింగుల దగ్గరికి వచ్చేసరికి గళ్ల జెండా ఊపారు.

"మీ సెషన్ అయిపోయింది సార్."

"టైర్లలో గాలెంత పెడతారో అదొక్కటీ చెప్పు నాయనా."

అతను కాసేపు నా మొహం చూసి, "ముందు పన్నెండు, వెనక పద్నాలుగు" అన్నాడు.

టికెట్ వెనక రాసుకున్నాను.